గీదం కూడలిలో పాత జీపు, కొత్త పెట్రోలు

జగదల్‌పూర్ నుంచి 75 కి.మీ. దాకా వచ్చాక రోడ్డు చీలిపోతుంది. ఎడమకు తిరిగితే దంతెవాడ, బచేలి, కిరండూల్. నేరుగా వెళితే బీజాపూర్ మీదుగా భోపాలపట్నం. ఇంకోవైపు బారసూర్, ఆ పైన ఇంద్రావతి. ఈ దారులన్నీ కలిసే చోట పుట్టిన ఊరు గీదం. ఎవరైనా ఇక్కడ ఆగేది ఊరు చూడడానికి కాదు, దాటి పోవడానికి. అందుకే ఊరి ప్రధాన వీధిలో కంటికి ముందుగా కనిపించేవి టైర్ల దుకాణాలు, స్పేర్‌పార్టుల కొట్లు, గ్రీజు నల్లగా పట్టిన నేల మీద బోర్లా పరిచిన గేర్‌బాక్సులు.

తెలుగువారికి ఇది కొత్త దారేమీ కాదు. కాకతీయ రాజ్యం కూలిన తర్వాత ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి ఈ అడవుల్లోకి వచ్చి బస్తర్ రాజవంశానికి మూలపురుషుడయ్యాడని ఇక్కడి సంప్రదాయం. అంతకుముందే, 11వ శతాబ్దంలో, బారసూర్ నాగవంశీయుల కాలంలో తెలుగులో శాసనం వేయించారు. ఇక 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వచ్చింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే ఆ రైలు గీదం మీదుగానే పోతుంది. గనులు తవ్వే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఇప్పుడు హైదరాబాద్-భోపాలపట్నం జాతీయ రహదారి, ఏటూరునాగారం వద్ద గోదావరి మీద వంతెన ఉండడంతో వరంగల్ వైపు నుంచి సొంత బండ్లలో వచ్చేవారికి దారి సులువైంది. అలా వచ్చే బండ్లలో అప్పుడప్పుడు ఒక పాత పెట్రోలు జీపు కూడా కనిపిస్తుంది. ఎవరో ముచ్చటపడి బాగుచేయించుకున్న విల్లీస్ రకం అది.

నిజానికి జీపు బస్తర్‌కు అతిథి కాదు, ఇంటి మనిషి. సంత రోజున చింతపండు బుట్టలు, కోళ్లు, ఇప్పపువ్వు మూటలు, వాటి మీద మనుషులు, టాపు మీద ఇంకొందరు - కమాండర్ జీపు మోసినంత బరువును ఏ ఇంజనీరూ కాగితం మీద ఒప్పుకోడు. అయితే ఆ జీపుల్లో పెట్రోలు ఇంజన్ ఉండేది కాదు. మహీంద్రా సంస్థ 1940ల చివర విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు వాటిలో ఉన్నది పెట్రోలు ఇంజన్. ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచినది 2.2 లీటర్ల ‘హరికేన్’. దాని దాహం తీర్చడం సామాన్యుడి వల్ల కాలేదు. డీజిల్ బాగా చవకగా దొరికిన రోజుల్లో దేశమంతటా జీపుల గుండెలు మార్చేశారు. 1980ల్లో మహీంద్రాయే ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో పరిజ్ఞానంతో తయారైన 2112 సీసీ డీజిల్ ఇంజన్‌ను జీపుల్లో పెట్టింది.

అంటే ‘ఫ్యూయల్ ఇంజెక్షన్’ అనే మాట గీదం లాంటి ఊళ్లకు కొత్తది కాదన్నమాట. డీజిల్ ఇంజన్‌కు కార్బ్యురేటర్ ఉండదు. పంపు వంద బార్లకు పైబడిన ఒత్తిడితో నూనెను నాజిల్‌కు తోస్తుంది, నాజిల్ దాన్ని పొగమంచులా చిమ్ముతుంది. 1951లో మొదలైన మైకో (2008 నుంచి దాని పేరు బాష్) పంపులు, నాజిళ్లే ఈ దేశంలో లారీలనూ జీపులనూ నడిపించాయి. నాజిల్ బొట్టు కారుతుందా, తుంపర సమంగా పడుతుందా అన్నది చేతి పంపు ఉన్న చిన్న పరికరం మీద పెట్టి కంటితో చూసి చెప్పగలిగిన మేస్త్రీలు ఇలాంటి హైవే ఊళ్లలో తయారయ్యారు. అందులో వైరు లేదు, చిప్ లేదు. విప్పితే కనిపిస్తుంది, కనిపిస్తే బాగవుతుంది.

పెట్రోలు జీపు సంగతి వేరు. దాని కార్బ్యురేటర్ కూడా విప్పితే కనిపించేదే. ఫ్లోట్, జెట్టు, చోక్, అంతే. గాలి వేగంగా లోపలికి పోతూ సన్నని రంధ్రం నుంచి పెట్రోలును లాక్కుపోతుంది. రంధ్రం ఎంతుంటే అంత. ఆ పెట్రోలులో ఏముందో దానికి తెలియదు. ఇన్నాళ్లూ తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ఇప్పుడొచ్చింది. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశంలోని బంకులన్నిటికీ దాదాపుగా పాకింది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. రెండూ కలిసిన ఈ20కి లెక్క వేస్తే 13.5 దగ్గర తేలుతుంది. అంటే పాత జెట్టుతో నడిచే ఇంజన్‌కు అందాల్సిన దానికన్నా ఏడెనిమిది శాతం తక్కువ ఇంధనం అందుతోంది. పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయించడం, ఎత్తు ఎక్కేటప్పుడు తుమ్ములు, వేడెక్కడం - అన్నీ ఇక్కడి నుంచే. జెట్టు మార్చి ఈ తేడా సరిదిద్దవచ్చు. కానీ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, నీటిని పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్ లోహాన్ని తినేస్తుంది. ఇక మే నెల ఎండలో ఇంజన్ పక్కనున్న పంపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే, తడి గుడ్డ చుట్టి చెట్టు నీడన కూర్చోవడమే పాత మందు.

పాత ఇంజన్లకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చే కిట్లకు గిరాకీ రావడానికి కారణం ఇదే. ఈ పరిజ్ఞానం కొత్తదేమీ కాదు. 1967లోనే ఫోక్స్‌వాగన్ 1600 కారులో బాష్ వారి డి-జెట్రానిక్ వచ్చింది. 2001లో ఇద్దరు అమెరికన్లు, బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిపో, ఎవరైనా ఇంట్లో టంకం వేసి తయారుచేసుకోగల ‘మెగాస్క్విర్ట్’ కంట్రోలర్‌ను జనానికి అందించారు. ఆ తర్వాత హోలీ లాంటి అమెరికా కంపెనీలు కార్బ్యురేటర్ విప్పిన చోటనే బిగించే థ్రాటిల్ బాడీలను అమ్మకానికి పెట్టాయి. ఇంజెక్టర్లు, కంప్యూటర్ అన్నీ అందులోనే. అయితే అవి ఎక్కువగా పెద్ద వీ8 ఇంజన్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన జీపు, మన అంబాసిడర్, మన పద్మిని ఆ లెక్కలో లేవు.

హరికేన్ ఇంజన్ దగ్గరికొస్తే చిక్కు స్పష్టంగా తెలుస్తుంది. దాని నిర్మాణమే విచిత్రం. గాలి లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికి పోయేవి కింద బ్లాకులో. ఇంటేక్ దారి విడిగా ఉండదు, హెడ్‌తో కలిపే పోత పోశారు. కాబట్టి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెడదామంటే చోటు లేదు. హెడ్‌కు రంధ్రాలు వేసే ధైర్యం ఎవరికుంటుంది? హెడ్ నెత్తిన కార్బ్యురేటర్ కూర్చునే చోట ఒకే థ్రాటిల్ బాడీ పెట్టడమొక్కటే మార్గం. ఈ ఇంజన్ శక్తి 70 హార్స్‌పవర్ చిల్లర. దాన్నిబట్టి లెక్క వేస్తే, పూర్తి భారం మీద గంటకు పాతిక లీటర్లలోపు పెట్రోలు చాలు. ఇంజెక్టర్‌కు కాస్త ఊపిరి మిగలాలంటే అది నిమిషానికి అర లీటరు చిమ్మగలిగేదై ఉండాలి. ఈ కొలతలేవీ గొప్పవి కావు. ఆల్టోకు వాడే పంపు కూడా ఈ పని చేయగలదు.

అసలు పని దాని చుట్టూ ఉంది. జీపు పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. కార్బ్యురేటర్‌కు పోయే గొట్టంలో ఒత్తిడి నామమాత్రం, ఇంజెక్షన్‌కు దాదాపు 3 బార్లు కావాలి. ఆ ఒత్తిడి వల్ల పెట్రోలు తేలిగ్గా ఆవిరి కాదు, తడి గుడ్డ అవసరం తీరుతుంది. కానీ పాత గొట్టం, పాత క్లిప్పు అలాగే ఉంచి కొత్త పంపు బిగిస్తే మనిషి కూర్చున్న చోటే పెట్రోలు చిమ్ముతుంది. మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి రావడానికి ఇంకో గొట్టం వేయాలి. ఘాట్ మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగితే పంపు గాలి మింగకుండా అడ్డుపలకలు పెట్టాలి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పాత డైనమో కరెంటు ఇవ్వదు కాబట్టి ఆల్టర్నేటర్ తప్పనిసరి. డెల్కోలోని పాయింట్ల నిప్పురవ్వలు కంప్యూటర్‌ను తికమక పెడతాయి గనుక క్రాంక్ పుల్లీకి పళ్లచక్రం, దాని ముందు సెన్సర్. సైలెన్సర్ గొట్టానికి ఆక్సిజన్ సెన్సర్. కిట్ అమ్మేవారు పెట్టెలో పెట్టని వస్తువులే కిట్‌ను నిలబెట్టేవీ కూల్చేవీ.

ఇంత చేశాక దక్కేదేమిటో బైలడిల్లా కొండ చెబుతుంది. బచేలి ఊరి నుంచి కొండ నెత్తికి సుమారు అర కిలోమీటరు నిలువు ఎత్తు. పైకి వెళ్లే కొద్దీ గాలి నాలుగైదు శాతం పలచబడుతుంది. కింద సరిగ్గా ఉన్న జెట్టు పైన పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఇంజెక్షన్ అయితే గాలి ఒత్తిడిని కొలిచి తానే తగ్గించుకుంటుంది, ఈ20 పోసినా ఆక్సిజన్ సెన్సర్ చూసి పెంచుకుంటుంది. అయితే గనుల దాకా అనుమతి లేనిదే వెళ్లనివ్వరు కాబట్టి ఈ పరీక్షకు కేశకాల్ ఘాట్ పన్నెండు మలుపులతోనో, విశాఖ నుంచి వచ్చేవారైతే అరకు ఘాట్‌తోనో సరిపెట్టుకోవాలి.

చట్టం మాత్రం ఏ ఘాట్ కన్నా నిటారుగా ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతి మళ్లీ గట్టిగా చెప్పింది. 50 ఏళ్లు దాటిన బండ్ల కోసం 2021లో కేంద్రం ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ తెచ్చింది. రూ.20,000 కడితే పదేళ్లు. కానీ ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పైగా ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. పాత ఇంజన్‌కు పడని పెట్రోలు బంకులో పోస్తున్నది వ్యవస్థే, ఆ పెట్రోలుకు తగినట్టు ఇంజన్‌ను సరిదిద్దుకునే వాడిని అనుమానించేదీ వ్యవస్థే. వింటేజ్ బండ్లకు, కనీసం యథాస్థితికి తెచ్చుకోగల మార్పులనైనా అనుమతించడం న్యాయం. అది జరిగేదాకా, హెడ్‌కు రంధ్రం వేయకుండా విప్పి మళ్లీ పాత కార్బ్యురేటర్ బిగించగల కిట్ ఒక్కటే తెలివైనది.

మరి దారిలో చెడిపోతే? పదేళ్ల కిందట గీదంలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పాడైతే బండిని లారీ ఎక్కించడమే దిక్కయ్యేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు నూరు సీసీ బైక్‌లోనూ ఇంజెక్టర్ ఉంది, సెన్సర్ ఉంది. రెండు నాజిళ్లు, నాలుగు బేరింగులు వేలాడే దుకాణంలో అవి కూడా చేరాయి. కిట్ తయారుచేసేవారు అమెరికా సెన్సర్‌కు బదులు ఆల్టో సెన్సర్, దిగుమతి పంపుకు బదులు బంకు పక్క కొట్లో దొరికే పంపు పెడితే గీదం మేస్త్రీ చేతికి అది అందుతుంది. దొరకనిది ఒక్కటే, కంప్యూటర్ పెట్టె. వానాకాలంలో బీజాపూర్ దారి పట్టేవారు అందుకే రెండోది వెంట పెట్టుకుంటారు. లేదంటే సీటు వెనక గుడ్డలో చుట్టిన పాత సోలెక్స్, దానికి సరిపడే ఒక గ్యాస్కెట్, తక్కువ ఒత్తిడితో పనిచేసే చిన్న పంపు, ఈ20కి తగినట్టు ఒక సైజు పెద్ద జెట్టు.