ముప్పై కిలోల పెట్టె (మన గొంతులు దాచుకోవడం - 9)



పోయిన వారం పెనుకొండ డప్పు పెద్దాయన గొంతు పోయిన సంగతి రాశాను. మనిషి 2019లోనే పోయాడు. ఇప్పుడు పోయింది నా దగ్గరున్న ఆయన రికార్డింగు. ఆ పోస్టు తర్వాత ఇన్‌బాక్స్ నిండిపోయింది. "మేడం, గూగుల్ డ్రైవ్ ఉంది కదా?" "ఏ కంపెనీ హార్డ్ డిస్కు కొనాలి?" అనంతపురం నుంచి ఒక పీజీ పిల్లోడు మాత్రం సూటిగా అడిగాడు: "సొంతంగా సర్వరు పెట్టుకోవడం మనలాంటోళ్లకు అయ్యే పనేనా మేడం?" ఈ భాగం ఆ పిల్లోడికి.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే ధర్మవరంలో మా అమ్మ చేతిలోంచి ఆ డిస్కు జారింది. తీసి పెట్టినాక టిక్ టిక్ అని శబ్దం, అంతే. అమ్మ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కానీ తప్పు అమ్మది కాదు. ఒకే ఒక్క కాపీ పెట్టుకున్న నాది. నేను తెలుగులో డాక్టరేట్ చేసినదాన్ని. గ్రంథపరిష్కరణ పాఠం చెప్పేదాన్ని. ఒక కావ్యానికి ఎన్ని తాళపత్ర ప్రతులు దొరికితే అంత మేలని పిల్లలతో నోట్సు రాయిస్తాను. బ్రౌను దొర కడపలో సొంత డబ్బుతో పండితుల్నీ, రాతగాళ్లనీ పెట్టి ప్రతికి ప్రతి రాయించాడని ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆ రాతగాళ్లు మా వీధికి రాలేదు. మా పాటకు ప్రతి రాసేవాడు లేడు, కాబట్టి నేనే రాయాలి అని కదా పీహెచ్‌డీ మొదలుపెట్టింది? తీరా చేసిందేంటి, రెండేళ్లు ఊరూరా తిరిగి రికార్డు చేసి, అరచేతంత డబ్బాలో ఒకే ఒక్క ప్రతి.

అంతకుముందు కూడా దెబ్బలు తిన్నాం. మన పత్రిక సైటును ఏడాదికింతని కట్టి ఒక హోస్టింగ్ కంపెనీలో పెట్టాం. కార్డు గడువు దాటి రెన్యువల్ ఆగింది. హెచ్చరిక మెయిళ్లు ఎవరూ చూడని పాత ఐడీకి పోయాయి. మేం తెలుసుకునేసరికి అకౌంటు లేదు, బ్యాకప్పూ లేదన్నారు. ఇంకోసారి మన పేజీ మీద మూకుమ్మడిగా రిపోర్టులు కొట్టి దాదాపు మూడు వారాలు మూయించారు. మన సామాను ఇంకొకరి వసారాలో పెడితే అంతే. వాళ్లకు కోపమొచ్చినా, మనకు డబ్బు అందకపోయినా, సామాను రోడ్డు మీదే.

ఇది కొత్త సంగతి కాదు. అంబేడ్కర్ కాగితాలకే ఈ గతి పట్టింది. ఢిల్లీ 26 అలీపూర్ రోడ్డు ఇంట్లో ఉన్న ఆయన కాగితాల్ని 1967 జనవరిలో, సవితా అంబేడ్కర్ ఊళ్లో లేనప్పుడు, బయట పెరట్లో కుప్ప పోశారు. ఆ రాత్రి వాన కురిసింది. మిగిలినవాటిని పట్టుకుని మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలు వేయడం మొదలైంది 1979లో. ఈ రోజు మనం చదువుతున్నది ఆ వానలో తడవగా మిగిలింది. మంచి సంస్థలకు కూడా నీళ్లు దయ చూపవు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలోకి నీళ్లొచ్చి ఎన్నో అరుదైన పుస్తకాలు తడిశాయి.

సరే, గూగుల్ డ్రైవ్ ఎందుకు వద్దు? వద్దనడం లేదు. అందరికీ తెలియాల్సిన పాటలు, పత్రికలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ పెడుతున్నాం, పెట్టాలి కూడా. అయితే మన దగ్గర పాటలే లేవు. అట్రాసిటీ కేసుల్లో సాక్షులు చెప్పిన మాటలున్నాయి. 1989 చట్టం కింద కేసు పెట్టి, ఏళ్ల తరబడి వాయిదాలు తిరుగుతూ, ఇంకా అదే ఊళ్లో, అదే పెద్దమనిషి పొలం పక్కన బతుకుతున్న ఆడవాళ్ల గొంతులున్నాయి. ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో, తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలిసి తీరాలి. ఈ పెట్టె కొన్నది ముఖ్యంగా వాళ్ల కోసం.

ఎంత చోటు కావాలో ముందు లెక్క వేసుకోండి. ఏ4 పేజీ ఒకటి 600 డీపీఐలో గ్రేస్కేల్ స్కాన్ చేస్తే, కుదించకుండా, దాదాపు 35 ఎంబీ. వంద పేజీల పత్రిక ఒక్కటే 3.5 జీబీ. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో ఆడియో గంటకు ఒక జీబీ పైన. మాకు మొత్తం నాలుగు టీబీ దాటింది. మీది అర టీబీ లోపే ఉంటే సర్వరు జోలికి పోకండి. రెండు డిస్కులు కొని రెండు ఊళ్లలో పెట్టండి, చాలు. మిగిలిన డబ్బుతో ఇంకో స్కానరు కొనండి. సర్వరు కొనడం గొప్ప అనుకునే జబ్బు మనోళ్లలోనూ మొదలైంది, అందుకే చెప్తున్నా.

మా చిన్నాయన కొడుకు బెంగళూరులో ఒక డేటా సెంటర్లో నైట్ షిఫ్టు చేస్తాడు. వాడే నా గురువు. "అక్కా, కొత్తది మనం కొనలేం. కంపెనీలు ఐదారేళ్లు వాడి అమ్మేస్తాయి. ఎస్పీ రోడ్డుకు రా" అన్నాడు. పోయాం. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా అంగడి అంగడి తిరిగాం.

వాడు నేర్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. ర్యాకు సర్వర్ల ఎత్తును 'యు'లలో కొలుస్తారు, ఒక యు అంటే 1.75 అంగుళాలు. ఒక యు సర్వరు సన్నగా, చవగ్గా కనబడుతుంది. దాంట్లో ఫ్యాన్లు చిన్నవి. చిన్న ఫ్యాను గాలి తోలాలంటే పిచ్చిగా తిరగాలి, పక్కన మనిషి కూర్చోలేడు. అందుకని రెండు యు. రెండు పవర్ సప్లైలు ఉండాలి. ఒకటి కాలిపోయినా రెండోది లాగుతుంది, నడుస్తుండగానే పాడైనదాన్ని ఊడబీకి కొత్తది పెట్టొచ్చు. ఒకటి ఇన్వర్టరుకు, ఒకటి నేరు లైనుకు.

మెమరీ ఈసీసీ ఉండాలి. ఇక్కడ నేను వాదించాను, మామూలు ర్యామ్ చవక కదా అని. 2009లో గూగుల్ సర్వర్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు కనబడ్డాయని తేల్చారు. మామూలు ర్యామ్ ఆ తప్పును గుర్తించదు, తప్పునే తీసుకుపోయి డిస్కు మీద రాస్తుంది. ఈసీసీ ఒక బిట్ తప్పును అక్కడికక్కడే దిద్దుతుంది. రాతగాడి చేతిదోషం తర్వాతి ప్రతులన్నిటికీ ఎట్లా పాకుతుందో నాకు తెలుసు కాబట్టి ఇక వాదన ఆపేశాను.

చివరికి రెండు మిగిలాయి, హెచ్‌పీ డీఎల్380 జెన్9, డెల్ ఆర్730. రెండూ 2014 నాటి తరం. హెచ్‌పీది మూడు వేలు తక్కువ. తమ్ముడు వద్దన్నాడు. 2014 ఫిబ్రవరి నుంచి ఆ కంపెనీ ప్రొలయంట్ బయోస్ అప్‌డేట్లను వారంటీ గానీ, సపోర్టు ఒప్పందం గానీ ఉన్నవాళ్లకే ఇస్తానంది. సెకండ్ హ్యాండ్ కొన్న మనకు రెండూ ఉండవు. పెట్టె మనదే, దాన్ని బాగుచేసే విద్య మాత్రం మనకు చెప్పరు! ఈ మాట మనకు కొత్తదా? నేను నవ్వితే అంగడాయనకు ఎందుకో అర్థం కాలేదు.

అట్లాగని డెల్ దేవుడేమీ కాదు. ఏ పాత సర్వరైనా దాని చిట్టా చదవాలి. ఆర్730లో ఐడ్రాక్ అని ఒక చిన్న కంప్యూటరు లోపలే ఉంటుంది, అది లైఫ్‌సైకిల్ లాగ్ రాసుకుంటుంది. ఏ రోజు ఫ్యాను ఆగింది, ఏ స్లాటులో మెమరీ తప్పు పట్టింది, అన్నీ. మన సర్వీస్ రిజిస్టరు లాంటిది. మొదట చూపించిన పెట్టెలో ఒకే స్లాటు మీద వరసగా తప్పులు కనబడ్డాయి. ఇంకోటి తీయమన్నాం. అంగడాయన మొహం మాడింది కానీ తీశాడు. కొన్నాక మొదటి పని ఐడ్రాక్ పాస్‌వర్డు మార్చడం. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డు లోకమంతటికీ తెలుసు. దాన్ని ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి.

డిస్కులు మాత్రం పాతవి కొనొద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. 2019 నవంబరులో హెచ్‌పీఈ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని రకాల సాస్ ఎస్‌ఎస్‌డీలు, ఫర్మ్‌వేర్ మార్చకపోతే, సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, లోపలి డేటా తిరిగి రాదని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకేసారి పెట్టిన డిస్కులన్నీ ఒకేసారి పోతాయన్నమాట. సెకండ్ హ్యాండ్ కొన్నవాడికి ఆ గడియారం ఎంత తిరిగిందో ఎవరు చెప్తారు? కొత్తవి కొనేటప్పుడు కూడా ఎస్‌ఎమ్‌ఆర్ రకమా, సీఎమ్‌ఆర్ రకమా అని అడగండి. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో కొన్నిటికి చెప్పకుండా ఎస్‌ఎమ్‌ఆర్ వాడిందని బయటపడి పెద్ద గొడవైంది. పాడైన డిస్కు బదులు కొత్తది పెట్టి డేటా మళ్లీ నింపేటప్పుడు ఆ రకం నానా తిప్పలు పెడుతుంది. మేం నాలుగు సీఎమ్‌ఆర్ డిస్కులు, నాలుగేసి టీబీలవి, రెండు వేర్వేరు అంగళ్లలో కొన్నాం. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ జెడ్2గా కట్టాం, నాలుగిట్లో ఏ రెండు పోయినా ఫైళ్లు ఉంటాయి. రెయిడ్ కార్డును మామూలు హెచ్‌బీఏగా మార్చేశాం. కార్డే రెయిడ్ కడితే, రేపు కార్డు పోయినప్పుడు అట్లాంటి కార్డు కోసమే వెతుక్కోవాలి.

డిస్కులు కాక పెట్టె యాభై వేలకు కొంచెం లోపు పడింది. దుప్పట్లో చుట్టి రైల్లో తెచ్చాం. ముప్పై కిలోలు. దొడ్డబళ్లాపురం దాటాక ఎదురు సీటు పెద్దామె "ఏంది బిడ్డా, హార్మోనియమా?" అంది. తమ్ముడు అవునన్నాడు.

ఇక ఎక్కడ పెట్టాలి? దీనికి మాత్రం తమ్ముడి దగ్గర జవాబు లేదు. హిందూపురంలో మా కాలేజీకి దగ్గర్లో ఒక మేడ మీది గది మాట్లాడుకున్నాం. ఇన్వర్టరుంది, గాలి ఉంది. అడ్వాన్సు తీసుకున్నాయన నాలుగో రోజు ఫోన్ చేసి "కరెంటు లోడు సరిపోదమ్మా" అన్నాడు. మా మీటర్లో కొలిస్తే పెట్టె లాగేది 120 వాట్లు, నెలకు 86 యూనిట్లు. ఒక పెద్ద ఫ్రిజ్జుకు పైన, ఏసీకి చాలా కింద. ఆ మాట చెప్పాను. "అది కాదులేమ్మా" అన్నాడు. ఆ మధ్యలో నా పేజీ ఎవరో చూపించి ఉంటారు. అద్దె ఇల్లు వెతుక్కున్నప్పుడు ఇదే విన్నాను, అప్పుడు నీళ్లు సరిపోవన్నారు. అడ్వాన్సు మాత్రం తిరిగిచ్చాడు.

ధర్మవరంలో అమ్మ ఇల్లు ఉంది. కానీ మా వీధి నిండా మగ్గాలు, పట్టు నూలు నుసి. రెండు నెలల్లో టేబుల్ ఫ్యాను రెక్కలకే దుప్పటి కడుతుంది, సర్వరు ఊపిరి తీసుకోగలదా? పైగా ఈ తరం సర్వర్లు మామూలుగా 35 డిగ్రీల దాకా పనిచేసేలా చేస్తారు. మా ఇంట్లో ఏప్రిల్లో మనుషులమే 40 దగ్గర ఉంటాం.

చివరికి పెనుకొండలో కేబుల్ నడిపే భాయ్ ఒకాయన దగ్గరికి పోయాను. ఆయన కంట్రోల్ రూములో ఏసీ ఉంది, బ్యాటరీలున్నాయి, ర్యాకు ఉంది.

"ఏం పెడతారు మేడం దీంట్లో?"

"మా వాళ్ల పాటలు, మాటలు."

"మీ వాళ్లంటే?"

"మాదిగోళ్లం భాయ్."

ఆయన ర్యాకు వైపు చూసి, "కింద రెండు అరలు ఖాళీ ఉన్నాయి. పైన వద్దు, బల్లులు దూరతాయి" అన్నాడు.

తీరా పట్టుకుపోతే ఆయన ర్యాకు లోతు 60 సెంటీమీటర్లు, మా పెట్టె పొడవు 70కి అటూ ఇటూ. కేబుల్ వాళ్ల ర్యాకులు పొట్టివి. టేపు పట్టి కొలవకుండా కొన్నాం! వెనక తలుపు పీకేసి, ఇనుప కోణాలు వేయించి, వెనక భాగం బయటికి పొడుచుకొచ్చేలా కూర్చోబెట్టాం. అందం లేదు, నడుస్తోంది. ముందు డిస్కులు లేకుండా రెండు రాత్రులు మెమరీ టెస్టు, తర్వాత ఒక్కో డిస్కు మొదటి నుంచి చివరి దాకా రాసి చదివే టెస్టు. నాలుగిట్లో ఒకటి రెండో రోజే తప్పులు చూపింది. వారంటీలో మార్చుకున్నాం. టెస్టు చేయకుండా ఫైళ్లు ఎక్కించి ఉంటే?

కేబుల్ నెట్‌లో మనకంటూ పబ్లిక్ ఐపీ రాదు, పదిమందికి ఒకటే పంచుతారు. అందుకని బయట ఒక చిన్న వర్చువల్ సర్వరు నెలకు తీసుకుని, అక్కడి నుంచి పెనుకొండకు వైర్‌గార్డ్ సొరంగం వేశాం. గుమ్మం అద్దెది, ఇల్లు మనది. గుమ్మం పీకేస్తే మరుసటి రోజు ఇంకో గుమ్మం. సాక్షుల ఫైళ్లు ఆ గుమ్మం వైపు అసలు రావు, వాటిని వేరే తాళంతో ఎన్‌క్రిప్ట్ చేశాం. దాని గురించి వచ్చే వారం రాస్తాను, తాళం ఎవరెవరి దగ్గర ఉండాలన్న దాని మీద మాలో మాకే ఇంకా తగువు తెగలేదు. రెండో కాపీ ధర్మవరంలో, రెండు డిస్కుల చిన్న డబ్బా, ఆదివారం మాత్రం ఆన్ చేస్తాం, మిగతా రోజులు అమ్మ దాన్ని పాత పట్టుచీర ముక్కలో చుట్టి బీరువాలో పెడుతుంది. మూడోది హైదరాబాద్ మిత్రుల దగ్గర.

ఇప్పుడు ఒక పని మీ మీద పెడుతున్నా. 2017 ఏప్రిల్ 14న పెనుకొండలో ఆ పెద్దాయన డప్పు కొట్టి పాడాడు. ఆ రోజు చాలామంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, నాకు గుర్తుంది. పాత ఫోన్లు, పాత మెమరీ కార్డులు ఒకసారి తీసి చూడండి. అర నిమిషం ముక్క దొరికినా పంపండి. వాట్సాప్‌లో వద్దు, అది కుదించేస్తుంది. కార్డే ఇస్తే నేనొచ్చి తీసుకుంటాను.

జై భీమ్.