ఉచితము

తెలుగులో ‘ఉచితము’ అన్న మాటకు రెండు అర్థాలున్నవి. వెల లేక దొరికేది ఉచితము; తగినది, న్యాయమైనది కూడ ఉచితమే. సంస్కృతంలో రెండవదే అసలు అర్థము. ఇంగ్లీషువారి చిక్కు వేరు. వారి ‘ఫ్రీ’ అన్న మాట వెల లేనిదానికీ, స్వేచ్ఛ గలదానికీ ఒక్కటే. కంప్యూటరు ప్రోగ్రాములను గూర్చి గడచిన నలభై ఏండ్లలో సాగిన వాదాలలో చాలా భాగం ఆ ఇంగ్లీషు చిక్కులో పుట్టినవే. అయితే వాటి అడుగున ఉన్న ప్రశ్నకు తెలుగు మాటే ఎక్కువ సరిపోతుంది: ఉచితంగా పొందినదానిని వెలకు అమ్ముట ఉచితమా?

ఇది గాలిలో తేల్చగల ప్రశ్న కాదు. అది నిజంగా పుట్టి పెరిగిన చోటికి వెళ్లి చూడవలెను. అట్టి చోట్లలో ఒకటి ‘అమిగా’ అనే కంప్యూటరు. 1985లో అమెరికాలోని కమొడోర్ సంస్థ దానిని విడుదల చేసినది. రంగులలోను, ధ్వనిలోను నాటి ఇతర యంత్రాలను మించినదని పేరు తెచ్చుకొన్నది. 1994 ఏప్రిలులో ఆ సంస్థ దివాలా తీసినది. ఈ తొమ్మిదేండ్ల నడుమ అమెరికాలో, బ్రిటనులో, జర్మనీలో, స్కాండినేవియా దేశాలలో ఎందరో విద్యార్థులు, ఉద్యోగులు రాత్రిళ్లు మేలుకొని ఆ యంత్రానికి ప్రోగ్రాములు వ్రాసినారు. బొమ్మలు గీసేవి, పాటలు కూర్చేవి, దస్త్రాలను చిన్నవిగా కుదించేవి, ఒట్టి వినోదానికి పనికివచ్చేవి. వీటిలో అధికభాగం అమ్మకానికి వ్రాసినవి కావు. ఎవరైనా వాడుకొంటే చాలునని వ్రాసినవి.

కాని వాడుకొనేవారికి అవి చేరేదెట్లు? అంతర్జాలం అప్పటికి విశ్వవిద్యాలయాల గోడలు దాటలేదు. ఈ లోటును తీర్చినవారిలో ముఖ్యుడు ఫ్రెడ్ ఫిష్ అనే అమెరికను ప్రోగ్రామరు. కర్తలు తనకు పంపిన ప్రోగ్రాములను ఆయన చదివి, నడిపి చూచి, మంచివి ఏరి, 880 కిలోబైట్లు పట్టే ఫ్లాపీలపై కూర్చి, ఒక్కొక్కదానికి వరుస సంఖ్య వేసి పంపిణీ చేసినాడు. 1986లో మొదలైన ఈ వరుస 1994 నాటికి వేయి సంఖ్యను దాటిపోయినది. ప్రతి డిస్కుతోను ఒక విషయసూచిక ఉండేది: ప్రోగ్రాము పేరు, అది చేసే పని, మూలరచన జత చేసినదీ లేనిదీ, చివర కర్త పేరు. డిస్కు ఖరీదు, పంపే ఖర్చు మించి ఆయన ఆశించినది స్వల్పమే. ఊరూరా ఉన్న వాడుకరుల సంఘాలు ఒక ప్రతి తెప్పించుకొని, దానినుండి తాము ప్రతులు తీసి సభ్యులకు ఇచ్చేవి. ఆయన అడ్డు చెప్పలేదు. ఆయన కోరినదీ అదే.

ఈ డిస్కులను తెరచి చూచినవారికి ప్రోగ్రాములకంటె ఆసక్తికరమైనవి వాటి పక్కన ఉండే చిన్న లేఖలు. ‘రీడ్‌మీ’ అని వాటికి పేరు. ఇది ఎట్లు నడపవలెనో చెప్పిన తరువాత, కర్త తన షరతులు వ్రాసేవాడు. ఒకడు సర్వహక్కులు వదలుకొంటాడు. ఇంకొకడు హక్కు తనదే అని చెప్పుకొని, ఎవరికైనా ఇవ్వండి గాని మార్చవద్దంటాడు. మరొకడు వాడి చూచి నచ్చితే ఇంత సొమ్ము పంపమంటాడు. పోస్టుకార్డు పంపితే చాలునన్నవారు కూడ ఉన్నారు. అమ్మకం మాట వచ్చేసరికి మాత్రం చాలామందికి ఒక ఇబ్బంది ఎదురైనది. ప్రతి తీయడానికి ‘న్యాయమైన రుసుము’ తీసుకోవచ్చుననుట తేలిక; కాని న్యాయమైన రుసుము అనగా ఎంత? డాలరులో చెబితే జర్మనీలో చెల్లదు. ఈ ఏడు చెబితే వచ్చే ఏటికి పాతబడుతుంది. అప్పుడు వారిలో పలువురు ఒక ఉపాయం కనిపెట్టినారు. ఫ్రెడ్ ఫిష్ తన డిస్కుకు తీసుకొనే వెలకు మించి ఎవరూ తీసుకోరాదు అని వ్రాసినారు.

చట్టం తెలిసినవాడు ఈ వాక్యం చూస్తే నవ్వవచ్చును. ఒక వ్యక్తి నడవడిని కొలబద్దగా పెట్టి ఒప్పందం వ్రాయుట ఏ న్యాయవాదీ సలహా ఇవ్వని పని. కాని ఆ వాక్యం వెనుక ఉన్న తెలివి తక్కువది కాదు. వారికి అమ్మకమంటే పగ లేదు. తమ పని మీద లాభం తీయనివాడొకడు ఎంత తీసుకొంటున్నాడో, మోసినదానికి అంతే కూలి అని వారి లెక్క.

వేసవిలో ఊరి కూడలిలో ఒక గృహస్థు చలివేంద్రం పెట్టినాడనుకొనుడు. ఆ నీటిని కడవకెత్తి రెండు మైళ్ల దూరాన కోతకూలీలకు మోసుకుపోయి, మోసినందుకు నాలుగు డబ్బులు తీసుకొన్నవానిని ఎవరూ తప్పుపట్టరు. ఆ కూలీలు పని వదలి కూడలికి రాలేరు. అదే మనిషి చలివేంద్రానికి పది అడుగుల ముందు నిలిచి, పందిరి కనబడకుండ గుడ్డ కట్టి, ‘చల్లని మంచినీరు’ అని కేకవేసి అమ్మితే ఊరివారు ఊరుకొంటారా? నీరు ఒక్కటే, డబ్బులూ అవే. మొదటివాడు దూరాన్ని తగ్గించినాడు, రెండవవాడు పందిరిని దాచినాడు.

అమ్మేవారి పక్షాన ఒక సమాధానం ఉన్నది. ప్రోగ్రాము నీరు కాదు. ఎన్ని కడవలు ముంచినా కుండ తరగదు. కాబట్టి కర్తకు నష్టమేమీ లేదు అని. మాట నిజమే. కాని ఉచితంగా ఇచ్చేవాని దగ్గర తరగిపోగలది వేరొకటి ఉన్నది. తాను పదిమందికి పంచమని పంపినది, తన లేఖ తీసివేసి, ఒక మెరిసే పెట్టెలో అంగడిలో అమ్ముతున్నారని తెలిసినప్పుడు, రెండవ ప్రోగ్రాము వ్రాయవలెనన్న కోరిక తరగుతుంది. దానికి లెక్కలు లేవు గాని, మనుష్యస్వభావం ఎరిగినవారికి లెక్కలు అక్కరలేదు.

దీనికి పూర్తిగా ఎదురైన దృష్టి కూడ గౌరవింపదగినదే. 1985 ప్రాంతంలో రిచర్డ్ స్టాల్‌మన్ తన ‘ఈమాక్స్’ అనే ప్రోగ్రామును అయస్కాంతపు టేపుపై 150 డాలర్లకు పంపేవాడు. వెల తీసుకొనుట ఆయన దృష్టిలో దోషం కాదు. కొన్నవాని చేతులు కట్టివేయుటే దోషము. 1989లో వెలువడిన ఆయన అనుమతిపత్రం ఈ భావాన్నే చట్టంగా చేసినది. ఎంతకైనా అమ్ము, కాని మూలరచన కూడ ఇవ్వు, కొన్నవాడు దానిని ఉచితంగా పంచితే అడ్డు రాకు. అనగా కడవ కొన్నవాడు మరునాడే తన చలివేంద్రం తాను పెట్టుకోవచ్చును. ఇట్టి షరతు ఉన్నచోట అధికధర నిలువదు.

సీడీలు వచ్చిన తరువాత కథ పెద్దదైనది. ఒక సీడీలో సుమారు 650 మెగాబైట్లు పట్టును. అమిగా ఫ్లాపీలు ఏడు వందలకు పైగా ఒక్క పళ్లెంలో ఇమిడిపోయినవి. 1991లో కాలిఫోర్నియాలో నెలకొన్న వాల్నట్ క్రీక్ సీడీరాం అనే సంస్థ ఉచిత ప్రోగ్రాముల భాండారాలను సీడీలపై అచ్చొత్తి అమ్మినది. లాభమూ గడించినది. అయితే ఆ సంస్థ తాను అమ్మే సరుకునే అంతర్జాలంలో తన యంత్రం మీద అందరికీ వెల లేకుండ తెరచి ఉంచినది. దింపుకొనే ఓపిక, తీగ ఉన్నవారు దింపుకొన్నారు. లేనివారు సీడీ కొన్నారు. నీళ్లమ్మేవాడే చలివేంద్రాన్నీ నడిపిన అరుదైన సందర్భమిది.

భారతదేశంలో ఈ ‘లేనివారు’ ఎవరో చెప్పనక్కరలేదు. విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు అంతర్జాలాన్ని అందించినది 1995 ఆగస్టు 15న. ఆ తొలినాటి టెలిఫోను తీగపై ఒక సీడీ నిండు సరుకును దింపుకోవడానికి రోజులు పట్టేది. వాడిన గంటలకు రుసుము వేరు. 1996లో పీసీ క్వెస్ట్ పత్రిక తన సంచికతో లినక్సును సీడీపై ఇచ్చినప్పుడు, పత్రిక వెల చెల్లించినవారెవరూ తాము మోసపోయినామనుకోలేదు. కూడలికి రెండు మైళ్ల దూరాన ఉన్నవారికి కడవ వచ్చినది. ఈ దేశంలో ఒక తరం వారు అట్టి పళ్లేల మీదనే తమ విద్య నేర్చుకొన్నారు.

ఇక న్యాయస్థానాలు ఏమన్నవి? రెండు తీర్పులు తలచుకోదగినవి. ఆస్ట్రేలియాలో టాస్మేనియాకు చెందిన పీటర్ టాటమ్ ‘ట్రంపెట్ విన్‌సాక్’ అనే ప్రోగ్రాము వ్రాసినాడు. ఇంటి కంప్యూటర్లను అంతర్జాలానికి కలిపేది అది. వాడి చూచి సొమ్ము పంపవలసిన కోవలోనిది. ఒక సంస్థ దానిని పత్రికలతోపాటు ఇచ్చే డిస్కులలో పంచదలచి కర్తను అడిగినది. ఆయన ఒప్పుకోలేదు. అయినను పంచినది, పైగా జతపరచిన కొన్ని దస్త్రాలను తనకు అనుకూలంగా మార్చినది. 1996లో ఫెడరల్ కోర్టు కర్త పక్షాన తీర్పు చెప్పినది. పంచుకొమ్మని ఇచ్చిన అనుమతిని కర్త వెనుకకు తీసుకోవచ్చునని, పంచేవాడు మార్పు లేకుండ పంచవలెనని ఆ తీర్పు సారాంశము. ఇక్కడ సొమ్ము తీసుకొనుట కాదు, కాదన్న మాటను దాటుట తప్పైనది.

రెండవది ఇంతకంటె విచిత్రమైనది. 1996లో వచ్చిన ‘డ్యూక్ న్యూకమ్ 3డి’ ఆటతోపాటు, కొత్త రంగస్థలాలు కట్టుకొనే పరికరం కూడ ఇచ్చినారు. ఆటగాళ్లు కట్టి, ఒకరికొకరు ఉచితంగా పంచుకొన్నారు. మైక్రో స్టార్ అనే సంస్థ అట్టి రంగస్థలాలు మూడువందలు ఏరి, ‘న్యూక్ ఇట్’ పేర సీడీగా అమ్మినది. 1998లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆ సంస్థకు వ్యతిరేకంగా తీర్పు చెప్పినది. ఇంతవరకు విన్నవారు న్యాయం జరిగినదని సంతోషిస్తారు. కాని తీర్పులో గెలిచినది ఎవరు? ఆటను ప్రచురించిన సంస్థ. ఆ రంగస్థలాలు దాని కథకు కొనసాగింపులు గనుక, వాటిని అమ్ముకొనే హక్కు దానిదే అని న్యాయస్థానం తలచినది. రాత్రిళ్లు కూర్చుండి ఆ మూడువందలు కట్టినవారు ఆ వ్యాజ్యంలో కక్షిదారులే కారు. తీర్పు వారి సరుకు అంగడికెక్కకుండ ఆపినది నిజమే. వారిమీద దయతో కాదు.

ఇప్పుడు ఆ పాత యంత్రాల మీద మళ్లీ మమకారం పెరిగినది. చిన్ననాడు తాకిన కంప్యూటరును నడివయస్సులో వెదకి కొంటున్నారు. వారికోసం వేలకొలది పాత ప్రోగ్రాములు నింపిన మెమరీ కార్డులు అమ్మేవారు బయలుదేరినారు. ‘ఇవన్నియు ఎవరూ పట్టించుకోని పాత సరుకు’ అని వారి సమర్థన. చట్టంలో ‘వదలివేసినది’ అనే తరగతి లేదు. భారతదేశంలో కర్త మరణించిన తరువాత అరువదేండ్లు, అమెరికాలో డెబ్బదేండ్లు హక్కు నిలుస్తుంది. కమొడోర్ పోయినా దాని హక్కులు చేతులు మారి నిలిచియే ఉన్నవి. అట్టి కార్డులలో ఉచితమైనవి కొన్ని, ఉచితం కానివి అనేకం కలసి ఉంటవి. ఉచితమైనవి ముందు కనబడి తక్కినవాటికి మర్యాద తెస్తవి. ఇది దొంగసరుకును గుడి ప్రసాదంతో కలిపి మూట కట్టుట వంటిది. ఇందులో వాదించడానికి ఎక్కువ లేదు.

వాదింపదగినది మరొకటి ఉన్నది. అది మనస్సుకు కొంచెం కష్టం కలిగించేది. ఫ్లాపీల అయస్కాంతశక్తి ఏండ్లు గడచిన కొద్దీ క్షీణిస్తుంది. నియమం తప్పని కర్తల, సంఘాల ఇండ్లలోని ఫ్లాపీలు ఎన్నో చదువరాకుండ పోయినవి. లాభం కొరకు వేలకొలది ప్రతులు అచ్చొత్తిన సీడీలు మాత్రం అటకలమీద, పాతసామాను అంగళ్లలో మిగిలినవి. అమెరికాలో జేసన్ స్కాట్ అనే సేకర్త అట్టి సీడీలను ప్రోగుచేసి అందరికీ తెరచి ఉంచినాడు. ఇట్లు కొన్ని రచనలు నేడు బ్రతికి ఉన్నవంటే, వాటిని అడగకుండ అమ్మినవాని పుణ్యమే. తాటాకుల కాలంలో కూడ ఇంతే. భక్తితో పెట్టెలో దాచిన ప్రతిని చెదలు తిన్నది. కూలికి ప్రతులు వ్రాసినవాని చేతిలోనిది దక్కినది. లోభం ఒక్కొక్కప్పుడు ధర్మం చేయలేని పని చేస్తుంది. అందువలన లోభి ధర్మాత్ముడు కాడు గాని, అతని సీడీని పారవేయడానికీ చేయి రాదు.

అయితే ఆ మిగిలిన సీడీలలో కూడ తేడా ఉన్నది. కొన్నిటిలో కర్తల లేఖలు యథాతథంగా ఉన్నవి. కొన్నిటిలో చోటు కలిసివస్తుందనో, చదివితే కొనేవాడు వెనుదీయుననో, తీసివేసినారు. రెండు కిలోబైట్ల లేఖ తీసివేస్తే మిగిలే చోటెంతో ఎవరికైనా తెలుసు. అట్టి సీడీలో ప్రోగ్రాము నడుస్తుంది. ఎవరు వ్రాసినది, ఏమి కోరి వ్రాసినది తెలియదు. రచన దక్కినది, కర్త దక్కలేదు.

ఫ్రెడ్ ఫిష్ 2007 ఏప్రిలులో మరణించినాడు. ఆయన డిస్కులు ఆగిపోయి అప్పటికి పదమూడేండ్లు. కర్తల లేఖలు మిగిలిన సీడీని నేడు ఎవరైనా నిజాయితీ గల వర్తకుడు తెరచి, అందులోని ప్రోగ్రాములను మళ్లీ కూర్చి అమ్మదలచినాడనుకొనుడు. అతడు ఒక్కొక్క లేఖ చదువుతాడు. కర్త చిరునామా ఉన్నది. అక్కడికి ఉత్తరం వ్రాస్తే తిరిగి వస్తుంది. షరతు కూడ ఉన్నది: ఫ్రెడ్ ఫిష్ తన డిస్కుకు తీసుకొనే వెలకు మించరాదు. ఆ వెల ఎంతని అడుగుదామంటే చెప్పవలసిన మనిషి లేడు. అతడు కాగితం ముందు పెట్టుకొని, కార్డు ఖరీదు ఒక వరుసలో, తపాలా ఖర్చు మరొక వరుసలో వేస్తాడు. మూడవ వరుసలో తన శ్రమకు ఎంత వేయవలెనో తేలక, కలం పట్టుకొని చాలసేపు కూర్చుంటాడు.