చవగ్గా సిమ్లా

మా ఆవిడకు మంచుకొండలు చూడాలని పెళ్ళినాటి నుంచీ కోరిక. "వచ్చే వేసవికి చూద్దాం" అంటూ పద్దెనిమిదేళ్ళు దాటవేశాను. ఈ ఏడు ఇక తప్పలేదు. అయితే ఒక షరతు పెట్టాను. పెద్ద హోటళ్ళు వద్దు, టాక్సీలు వద్దు, ప్రతి రూపాయికీ లెక్క రాయాలి.

"లెక్క మీరు రాయండి, కొండలు నేను చూస్తాను" అంది ఆవిడ.

తెనాలి నుంచి ఢిల్లీ, అక్కడ రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి కాల్కా. అంతా స్లీపరు క్లాసే. కాల్కాలో చిన్న రైలెక్కాం. 1903లో వేసిన దారి అది. తొంభయ్యారు కిలోమీటర్ల దూరంలో నూటరెండు సొరంగాలు! కింద ఉక్కపోత, పైకి పోయినకొద్దీ దేవదారు చెట్లు, చల్లగాలి. బరోగ్ దగ్గర కిలోమీటరు పైచిలుకు పొడవున్న సొరంగంలో బండిలోని పిల్లలంతా ఒక్కసారి కేకపెట్టారు. చీకట్లో ఎవరికీ కనబడను కదా అని నేనూ ఒక కేక పెట్టాను. "మేష్టారూ!" అంది మా ఆవిడ.

సిమ్లాలో దిగాక తెలిసింది అసలు సంగతి. ఊరంతా కొండవాలునే ఉంది. మాల్ రోడ్డు మీదికి సామాన్యుల బండ్లు రానివ్వరు. మేము దిగవలసిన ధర్మశాల పైన, లోయర్ బజారు మెట్ల పక్కన. మా వెంట ఇనప్పెట్టె ఒకటి. అందులో ఉన్నిబట్టలతోపాటు ఆవకాయ జాడీ, కందిపొడి, వారానికి సరిపడా చేగోడీలు.

కాశ్మీరు నుంచి వచ్చిన కూలీ ఒకాయన ఎదురొచ్చాడు. అరవై దాటి ఉంటాయి. రెండువందలు అడిగాడు. నేను వందన్నాను. చివరికి నూట ఇరవైకి దిగాడు. తాడుతో పెట్టెను వీపుకు బిగించుకుని వంగి నడక సాగించాడు. వట్టి చేతులతో వస్తున్న మేము పది మెట్లకోసారి ఆగాం. ఆయన ఒకేఒక్కసారి ఆగి, పెట్టెను పిట్టగోడకు ఆనించి ఊపిరి తీసుకున్నాడు. ఆ రాత్రి పుస్తకంలో రాసుకున్నాను: "కూలి 120. ఆదా 80."

తెల్లవారి రిడ్జి మీదికి వెళ్ళాం. మబ్బు విడిచింది. ఉత్తరాన దూరంగా మంచు శిఖరాలు వరుసగా తేలాయి. మా ఆవిడ మాట్లాడలేదు. నా చెయ్యి పట్టుకుని నిలబడిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఎందుకు ఆగానా అనిపించింది. అక్కడే 1857 నాటి క్రైస్ట్ చర్చి. మేము నిలబడ్డ నేల కింద ఊరికి నీళ్ళిచ్చే పెద్ద తొట్టి ఉన్నదట! మధ్యాహ్నం లోయర్ బజారులో రాజ్మా అన్నం తిన్నాం. అందులో మన ఆవకాయ కలుపుకుంటే ఎలా ఉంటుందో తిన్నవారికే తెలుస్తుంది.

తరువాత నడుచుకుంటూ వైస్రాయి మేడకు వెళ్ళాం. 1864 నుంచి సిమ్లా తెల్లదొరల వేసవి రాజధాని. 1945లో మన నాయకులతో వేవెల్ సమావేశం జరిపిందీ, 1947 మేలో మౌంట్‌బాటెన్ తన ప్రణాళికను నెహ్రూకు చూపిందీ ఈ మేడలోనే. 1965 నుంచి ఇది ఉన్నత విద్యా పరిశోధనల నిలయం. ప్రారంభించినవారు డాక్టరు రాధాకృష్ణన్. ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నవారే. తెలుగు మేష్టారినైన నాకు ఛాతీ కొంచెం పొంగింది.

లోపల బర్మా టేకు పనితనం చూస్తూ మా ఆవిడ అడిగింది: "ఈ మేడ ఎప్పుడు కట్టారు?"

"1888లో పూర్తయింది."

"రైలు 1903లో వచ్చిందన్నారుగా! మరి ఈ కలపంతా పైకి ఎలా వచ్చిందండీ?"

ఎద్దుబండ్ల మీద, కంచరగాడిదల మీద, మనుషుల వీపుల మీద. ఏటేటా ప్రభుత్వం దస్తరాలూ అలాగే వచ్చేవి. నేను జవాబు చెప్పేలోపల తనే అంది: "మన పెట్టె వచ్చినట్టేనన్న మాట."

చరిత్ర పాఠం అంతటితో ముగిసింది. ఆ సాయంత్రం ఆయన కోసం స్టేషను దాకా దిగివెళ్ళాం. కనబడలేదు. మరునాడూ చూశాం. తిరుగుప్రయాణం నాడు పెట్టె మోయడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. రెండువందలన్నాడు. బేరమాడకుండా ఇచ్చాను. కాని అది ఆయన చేతికి చేరే డబ్బు కాదు గదా!

సిమ్లాను చవగ్గానే చూడవచ్చు. ధర్మశాలలున్నాయి, కాళ్ళున్నాయి, మంచుకొండలకు టిక్కెట్టు లేదు. పెట్టె మాత్రం తేలిగ్గా పట్టుకెళ్ళండి. బేరమాడవలసి వస్తే శాలువల కొట్టులో ఆడండి.

ఇంటికొచ్చి లెక్క సరిచూస్తుంటే మా ఆవిడ కలం అందుకుని, "ఆదా" అన్న మాట కొట్టివేసి, పైన "బాకీ" అని రాసింది.