టామ్ సాయర్ ఊరు

నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. టామ్ ఉండే ఊరికి కథలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అని పేరు. ఆ ఊరు నిజంగానే ఉన్నది! కాని దాని అసలు పేరు హానిబల్.

అమెరికా నడిమి భాగంలో మిస్సౌరీ రాష్ట్రం ఉన్నది. అక్కడ మిసిసిపీ నది పడమటి ఒడ్డున, రెండు కొండల మధ్య 1819లో హానిబల్ వెలసింది. ఇప్పుడు జనాభా సుమారు 17 వేలు. 1839లో క్లెమెన్స్ అనే కుటుంబం అక్కడికి కాపురానికి వచ్చింది. వాళ్ళ శామ్యూల్‌కు అప్పుడు నాలుగేళ్ళు. మార్క్ ట్వేన్ అనే పేరుతో లోకమంతటికీ తెలిసిన రచయిత ఈ కుర్రవాడే.

తండ్రి చనిపోయాక శామ్యూల్ అచ్చాఫీసులో పనికి కుదిరాడు. తరవాత స్టీమరు నడపటం నేర్చి, 1859లో లైసెన్సు పొందాడు. ఆ రోజుల్లో స్టీమరు మీద ఒకడు బరువు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి లోతు చూసేవాడు. లోతు రెండు బారలుంటే, “మార్క్ ట్వేన్!” అని కేకవేసేవాడు. రెండు బారలంటే 12 అడుగులు. ఇక స్టీమరుకు భయం లేదన్నమాట. ఆ కేకనే ఆయన కలం పేరుగా పెట్టుకున్నాడు.

ఆయన పెరిగిన తెల్లని చిన్న ఇల్లు 1912 నుంచి మ్యూజియంగా ఉన్నది. దాని పక్కనే పలకల దడి! సెలవునాడు దడికి వెల్ల వెయ్యమంటే, టామ్ అది గొప్ప వినోదమైనట్టు నటించి, స్నేహితుల దగ్గర గాలిపటం, గోళీలు పుచ్చుకుని మరీ వాళ్ళచేత ఆ పని చేయించాడు గదా! ఏటా జూలై 4వ తేదీ ప్రాంతాన హానిబల్‌లో పిల్లలకు వెల్ల వేసే పోటీ జరుగుతుంది.

వీధికి అవతల లారా హాకిన్స్ అనే అమ్మాయి ఇల్లు ఉన్నది. కథలో బెకీ అంటే ఈమే. కొండ అడుగున టామ్, హక్‌ల కంచు విగ్రహం ఉన్నది. దాన్ని 1926లో నిలబెట్టారు. 244 మెట్లెక్కితే కొండమీద ఒక దీపస్తంభం కనిపిస్తుంది. అది ఓడలకు దారి చూపేది కాదు. మార్క్ ట్వేన్ శతజయంతికి గుర్తుగా కట్టినది.

టామ్, బెకీ దారితప్పిన గుహ ఊరికి దక్షిణాన ఉన్నది. వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. అటువంటి నీరు సున్నపురాతి పగుళ్ళలోకి దిగి, లక్షల ఏళ్ళపాటు రాతిని కరిగించింది. పగుళ్ళు అడ్డంగా, నిలువుగా ఉండటంచేత దారులన్నీ ఇరుకు సందుల్లాగా ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. అందుకే అక్కడ దారి తప్పటం అంత తేలిక! బయట ఎండ మండుతున్నా లోపల ఎప్పుడూ 11 డిగ్రీల చలే. 1886 నుంచి యాత్రికులకు ఈ గుహను చూపిస్తున్నారు.

అయితే హానిబల్ కథ అంతా ఆటపాటలే కాదు. ఆ కాలంలో మిస్సౌరీలో మనుషులను పశువుల్లాగా అమ్మేవారు, కొనేవారు. దక్షిణాదికి అమ్మకానికి పంపటం కోసం గొలుసులతో కట్టిపడేసిన నల్లవారిని శామ్యూల్ చిన్నప్పుడు ఈ ఊరి వీధిలోనే చూశాడు. వాళ్ళ మొహాలలోని దుఃఖాన్ని ముసలితనంలో కూడా ఆయన మరిచిపోలేదు. వేసవిలో పినతల్లి గారి పొలానికి వెళితే, అక్కడ డేనియల్ అనే బానిస పిల్లలకు కథలు చెప్పేవాడు. ‘హకిల్‌బెరీ ఫిన్’ కథలో హక్‌తో తెప్ప మీద పారిపోయే జిమ్‌కు మూలం ఈ డేనియలే. మిస్సౌరీలో బానిసత్వం 1865లో రద్దయింది.

హానిబల్‌లో ఎటు చూసినా టామ్, హక్, బెకీల పేర్లే కనిపించేవి గాని, జిమ్‌ను తలచుకునేవారు తక్కువ. 2013లో ఒక చిన్న రాతి ఇంట్లో ‘జిమ్స్ జర్నీ’, అంటే జిమ్ ప్రయాణం, అనే మ్యూజియం తెరిచారు. ఆ ఊరి నల్లవారు ఎలా బతికారో, ఎలా చదువుకున్నారో అది చెబుతుంది.

తెల్లని దడిని చూసి నవ్వుకున్నవారు, ఈ రాతి ఇంటి గడప కూడా తొక్కాలి. అప్పుడే హానిబల్‌ను పూర్తిగా చూసినట్టు.