ఇద్దరికి తండ్రి

మాది చిలకలూరిపేట. మా ఇంటిలో పెద్దలు ఫాదర్ హయ్యర్ పేరును సొంత తాతగారి పేరు తలచినట్లే తలచేవారు. పల్నాటి లూథరన్ కుటుంబాలకు ఆయన మూలపురుషుని వంటివారు.

1793లో జర్మనీలో పుట్టి, పద్నాలుగేళ్ళ ప్రాయంలో అమెరికా చేరారు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టేనాటికి ఆయనకు 49 ఏళ్ళు. అప్పటికే భార్య గతించింది. పిల్లలు సముద్రానికి ఆవల ఉన్నారు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించారు. నడుమ స్వదేశం వెళ్ళి వైద్యం చదివి, మళ్ళీ వచ్చి, 1849లో గురజాలకు మకాం మార్చారు. 1857లో తిరిగి వెళ్ళిపోయారు.

కథ అక్కడితో ముగియలేదు. 1869లో, రాజమండ్రి మిషన్‌ను నడిపేవారు లేక పరులకు అప్పగించవలసి వచ్చినపుడు, 76 ఏళ్ళ ఆ వృద్ధుడు తానే ఓడ ఎక్కారు. 1871 వరకు ఇక్కడే ఉన్నారు.

చిన్ననాడు ఆ పట్టుదలకు అబ్బురపడేవాడిని. నేను తండ్రినైన తరువాత మరొక ఆలోచన మొదలైంది. మనకు తండ్రి అయిన ఆ మనిషి తన పిల్లలకు ఎన్ని సంవత్సరాలు దక్కారు? భక్తుల త్యాగాన్ని కీర్తించే మనం, ఆ త్యాగంలో ఇంటివారి వాటాను లెక్కించము.

1873లో ఫిలడెల్ఫియాలో కన్నుమూసిన ఆయనను పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్‌లో భార్య ప్రక్కనే ఉంచారు. బ్రతుకంతా దూరదేశాలు తిరిగిన ఇంటిపెద్ద, చివరకు ఇల్లు చేరినట్లనిపిస్తుంది. మనం ఆయనకు చెప్పుకునే కృతజ్ఞతలో సగం, పేర్లయినా తెలియని ఆ పిల్లలకు చెందాలి.