వాలు అక్షరం

అనువాదం చేసేటప్పుడు నన్ను ఆపేసేవి కష్టమైన మాటలు కాదు, వాలుగా ఉన్న మాటలు. ఇంగ్లీషు వాక్యంలో ఒక్క ‘హి’ మాత్రం పక్కకి వాలి ఉంటుంది. అర్థం మారదు, గొంతు మారుతుంది.

ఇటాలిక్ పుట్టింది ఈ పనికి కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనుషియస్ వర్జిల్ కావ్యాల్ని చేతిలో ఇమిడే సైజులో అచ్చేశాడు. ఆ పుస్తకంలో కవిత్వమంతా ఇటాలిక్కే. అప్పటి పండితులు చకచకా రాసుకునే చేతిరాతని చూసి ఫ్రాంచెస్కో గ్రిఫో ఆ అక్షరాల్ని చెక్కాడు. పెద్దక్షరాలు మాత్రం నిటారుగానే ఉండేవి. మాటని నొక్కి చెప్పే ఉద్యోగం దానికి తర్వాతెప్పుడో వచ్చింది.

నాకు గారమండ్ ఇటాలిక్ ఇష్టం. ఆ పేరుతో దొరికే చాలా ఫాంట్లలో ఇటాలిక్‌కి మూలం నిజానికి రాబర్ట్ గ్రాంజాన్ చెక్కిన అక్షరాలు. అది నిటారు అక్షరాన్ని పక్కకి తోసింది కాదు. చిన్న ‘ఎ’ తలమీద కొక్కెం పోయి ఒంటి గుండ్రంగా మారుతుంది. ‘ఎఫ్’ గీత కిందకి జారుతుంది. కలం ఎత్తకుండా రాసిన చెయ్యి తెలుస్తూ ఉంటుంది.

మన ఫాంట్లలో చాలావాటికి విడిగా ఇటాలిక్ ఉండదు. కంప్యూటర్లో వాలు బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే తోసేస్తుంది. సున్నాలు కోడిగుడ్లవుతాయి. వత్తులు అక్షరం కింద నుంచి జారిపోతున్నట్టుంటాయి.

అయినా పెద్ద నష్టమేం లేదు. మనకి ‘ఏ’ ఉంది. ‘హి’ వాలితే ‘వాడే’ అంటాం. ‘నేనే చెప్పాను’, ‘నేను చెప్పానే’, ‘నేను చెప్పాగా’. ఇంగ్లీషు కంటికి చూపించేదాన్ని మనం చెవికి వినిపిస్తాం.

చిక్కంతా ఇంకోచోట. ఈమధ్య ఒక భారతీయ ఇంగ్లీషు కథని తెలుగు చేశాను. విదేశంలో పెరిగిన అమ్మాయి, ఊళ్ళో అమ్మమ్మ. అందులో ‘ఆవకాయ’ ఎక్కడొచ్చినా ఇటాలిక్కే. మన తిండిని పరాయిదానిలా ఎందుకలా వేరుగా నిలబెట్టాలని చాలామంది రచయితలు అడుగుతున్నారు, న్యాయమే. తెలుగులోకి రాగానే ఆవకాయ నిటారుగా నిలబడింది. పక్కనే ‘ఫ్రిజ్’ కూడా నిటారుగానే. మనం బయటినుంచి వచ్చిన మాటని కూడా వాల్చి కూచోబెట్టం కదా.

కానీ ఆ కథలో ఆ పిల్లకి ఆవకాయ నిజంగానే పరాయి మాట. నోట్లో సరిగ్గా తిరగదు, అమ్మమ్మ ముందు సిగ్గు. ఆ సిగ్గంతా మోసింది ఆ వాలే. ‘కొంచెం తడబడి’ అని రాద్దామనుకున్నాను. రచయిత రాయని మాట అది. రాయలేదు. తెలుగులో ఆ పిల్ల మనలాగే ధీమాగా ఆవకాయ అడుగుతోంది. ఆమె మాత్రం అలా అడగలేదు.