మెత్తని పొగ

మా మేనల్లుడు గ్లాస్గో నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. గడచిన వేసవిలో ఇంటికి వచ్చినపుడు అత్తకు ఉన్నిశాలువను, మా పిల్లవానికి రంగు పెన్సిళ్లను, మాకు మాత్రము అఱచేతిలో ఇముడు గుండ్రని రేకు డబ్బీ నొకదానిని, దానికి తోడు ఒక పైపును తెచ్చియిచ్చెను. "మామయ్యా, మీ ముక్కు సంగతి అమ్మ చెప్పింది. ఇది స్కాట్లండు పద్ధతిలో కలిపిన పొగాకు. చాలా మెత్తనిది, గొంతు పట్టదు. నాలుగు రోజులు కాల్చి చూసి, బాగోగులు రాసి పంపండి" అని కోరెను.

ముక్కు సంగతి యేమనగా, రాజమహేంద్రవరములో చదువుకొను దినములలో స్నేహితులు మా కన్నులకు గుడ్డ గట్టి, చుట్టలు వెలిగించి ముందుంచి, ఇది లంకాకు, ఇది మెట్టయాకు అని మాచేత చెప్పించి పందెములు గెలుచుచుండిరి. వ్యాకరణములో మాకు రాని కీర్తి ఈ విద్యలో వచ్చెను. ఆ పిమ్మట పొగ మానితిమి. మాని పదునెనిమిది వత్సరములైనది. మానుటయే కాదు, మే 31వ తేదీ పొగాకు వ్యతిరేక దినము సెలవులలో పడుటచే, జూనులో బడి తెఱవగానే ఆ విషయమై పిల్లలకు ప్రసంగము చేయువారము మేమే. ఇట్టివారము డబ్బీ నేల పుచ్చుకొంటిమని చదువరు లడుగవచ్చును. పుచ్చుకొంటిమి. తీర్పు చెప్పుమని యడిగినపుడు కాదనలేని దౌర్బల్యము పంతుళ్లకు సహజము.

మూత తీయగానే మొదట ఎండుగడ్డి వాసన, దాని వెనుక ఎండుద్రాక్ష తీపి, ఇంకను లోన ఎక్కడనో చల్లారిన కట్టెలపొయ్యి వాసన తోచెను. ఆకును తెల్లకాగితముపై పఱచి చూచితిమి. నిమ్మపండు చాయగల పోగులు, ఇటుక రంగువి, గోధుమ వన్నెవి, అక్కడక్కడ కాటుకవలె నల్లనివి. స్కాట్లండు పద్ధతి యనగా ఎఱిగినవారు చెప్పు లెక్క యిది: వర్జీనియా ఆకు హెచ్చుగా నుండును, దానికి తూర్పుదేశపు చిన్నాకు కొంచెము, ఆవిరిలో మగ్గబెట్టి నల్లబఱచిన కావెండిషు కొంచెము, లటాకియా అంతకన్న కొంచెము చేరును. లటాకియా పాలు పెంచి ఘాటు చేసిన మిశ్రమములకు ఇంగ్లీషు పద్ధతియని పేరు. ఈ హద్దు రాతిమీది గీత కాదు. ఒక్కొక్క అంగడివాడు తన చిత్తము వచ్చినట్లు జరుపుకొనును. పెర్తు పట్టణములో 1911లో అంగడి తెఱచిన చార్లెసు రాట్రే మిశ్రమముల మూలముగా ఈ పద్ధతికి పేరు హెచ్చెను. ఆయన పేరిటి పొగాకు ఇప్పుడు జర్మనీలో తయారగుచున్నది.

పేరు స్కాట్లండుదేగాని, అందులో స్కాట్లండు నేలపై మొలచిన ఆకు ఒక్కటియు లేదు. చిన్నాకు టర్కీ, గ్రీసు ప్రాంతముల ఎండలో ఎండినది. లటాకియా యనునది సిరియాదేశపు రేవుపట్టణము. కట్టెల పొగలో ఆకును మాగవేయు ఆ విద్య ఇప్పుడు ముఖ్యముగా సైప్రసు దీవిలో నిలిచియున్నది. ఇక వర్జీనియా సంగతి మాకు ఒకరు చెప్పనక్కఱలేదు. మేము పాఠములు చెప్పు ఊరు ప్రకాశము జిల్లాలోనిది. 1920ల నుండి గుంటూరు సీమలో ఈ ఆకు వేళ్లూనినది. 1976లో గుంటూరున పొగాకు బోర్డు వెలసినది. పచ్చియాకును కఱ్ఱలకు కట్టి బ్యారనులో వ్రేలాడదీసి, గొట్టములగుండ వేడి నెక్కించి, రేయింబవళ్లు మేలుకొని రంగు తెప్పించుట మా విద్యార్థులకు చూచి చూచి విసుగైన పని. ఆకు రంగెక్కు రాత్రులలో తండ్రికి తోడుండి, మఱునాడు తరగతిలో కునుకు తీయు బాలుని మేమెన్నడు లేపలేదు. వాని పుస్తకములు వేలములో వచ్చిన సొమ్ముతో కొన్నవి. పొగాకు చెడ్డదని వానికే చెప్పవలసియుండుట మా యుద్యోగములోని చిక్కు.

మొదటి సాయంకాలము పెరటిలో వేపచెట్టు క్రింద కూర్చుండి పైపు నింపితిమి. చుట్ట కాల్చిన చేతికి పైపు లొంగదు. గట్టిగా కూరితిమి, గాలి యాడక ఆఱిపోయెను. పది యగ్గిపుల్లలు గీచి, పట్టుదలకొలది బుస్సుబుస్సున లాగితిమి. నాలుక కొనమీద పచ్చిమిరప కొఱికినట్లు మండెను. ఇది ఆకు తప్పు కాదు. వర్జీనియాలో చక్కెర పాలు హెచ్చు; తొందరపెట్టినచో పొగ ఆవిరియై కఱచును. ఆ రాత్రి పులుసన్నము తినలేక మజ్జిగతో సరిపెట్టుకొంటిమి.

రెండవనాడు వదులుగా నింపి, వెలిగించి, మఱచిపోయినవానివలె ఊరకుంటిమి. నిమిషమున కొక్క గ్రుక్క. అప్పుడు దాని స్వభావము తెలిసెను. తొలుత, బెల్లము వండు పందిరి ప్రక్కనుండి పోవునపుడు గాలిలో వచ్చునట్టి తీపి. కొంతసేపటికి ఆ తీపి క్రింద చిన్నాకు పులుపు, ఉసిరికాయ నమిలి నీళ్లు త్రాగినపుడు నోట మిగులు రుచివంటిది. లటాకియా మాత్రము ఎదుటికి రాదు. పొరుగింట ఎవరో హోమము చేయుచున్నట్లు ఒకమాఱు వచ్చును, ఇది యేమని చూచునంతలో పోవును. అలంకారశాస్త్రములో ధ్వని ప్రకరణమును మా గురువులు మూడు మాసములు బోధించిరి. చెప్పక చెప్పుట యన నేమో మాకు నిజముగా తెలిసినది ఆ సాయంకాలమే యన్నచో వారు స్వర్గమునుండి కోపపడుదురేమో.

దోషములును కలవు. నల్ల కావెండిషు పొగకు చిక్కదన మిచ్చుచున్నదే కాని రుచి యేమియు తెచ్చుటలేదు. పాలలో నీళ్లు కలిపినవాడు మీగడకై పిండి కలిపినట్లున్నది. పైపు మూడవపాలు మిగిలినప్పటి నుండి తీపి చచ్చి, తడి చేరి, వట్టి బూడిద చేదు మిగిలెను. నడుమ వఱకు నిలబెట్టిన కథను తుది ప్రకరణమున వదలివేసిన నవలవలె నుండెను. నాలుగు దినములును ఇంతే. అయినను, నిజము చెప్పవలయునన్న, అది మంచి పొగాకు. మూడవనాటి సాయంకాలము మేము గడియారము చూచితిమి, అయిదెప్పు డగునా యని.

మా గృహిణి ఈ నాలుగు దినములును ఏమియు అనలేదు. మూడవనాడు మాత్రము తులసికోట యొద్ద నీళ్లు పోయుచు మావంక చూచెను. అడుగకయే సమాధానము చెప్పుట మొదలిడితిమి. చరకసంహిత సూత్రస్థానమున అయిదవ యధ్యాయములో ధూమపానము విధింపబడినదనియు, అందు మూడు విధములున్నవనియు, నిత్యము త్రాగదగిన మెత్తనిదానికి ప్రాయోగికమని పేరనియు, పొగ పీల్చుటకు గొట్టమెట్లుండవలెనో కూడ అందు చెప్పబడినదనియు వివరించితిమి. ఆమె చెంబు దించి, "ఆ చరకుడు పొగాకు చూశాడా?" అనెను. చూడలేదు. ఆయన వర్తిలో కూర్చినవి చందనము, ఏలకి, వట్టివేరు మొదలగునవి. పొగాకు అమెరికాలో పుట్టిన మొక్క, పోర్చుగీసువారి రాకకు పూర్వము ఈ దేశ మెఱుగదు. ఒక్క మాటను పట్టుకొని రెండు వస్తువులను ఒకటి చేయుట పండితులకు పాతజబ్బు. ఆమె మఱల చెంబు నెత్తి, "మీ నాయనమ్మ చుట్ట కూడా మెత్తనిదే అనేవారు కదండీ" అని లోనికి పోయెను.

మా నాయనమ్మది శ్రీకాకుళము ప్రాంతము. ఆ తీరమున స్త్రీలు పలువురు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చుదురు. దానిని అడ్డపొగ యందురు. గాలికి ఆఱదని, చేతులు పనిలో నుండగా నుసి రాలదని అందుకు కారణములు చెప్పుదురు. నోరు మూసియుండగా లోపల నిప్పున్నదని క్రొత్తవారికి తెలియనే తెలియదు. నాయనమ్మ ధాన్యము చెఱుగుచు, మాకు ఎక్కములు అప్పజెప్పించుకొనుచు, పెదవుల నడుమ ఆ చుట్ట నుంచుకొని అంకె తప్పినపుడు మాత్రమే దానిని తీసెడిది. తాత కాల్చునది మొరటాకనియు, తనది మెత్తనిదనియు చెప్పెడిది. ఆమెకు ఆ తేడా నిజమే. మా ముక్కు ఆమెనుండియే మాకు సంక్రమించినది.

ఆమె అంగిలిమీద మొదట తెల్లని పొఱ గట్టెను. తరువాత పుండయ్యెను. అడ్డపొగ త్రాగువారి అంగిలికి పుట్టకురుపు వచ్చుట విశాఖపట్టణము వైద్యులు ఏనాడో గుర్తించిన విషయము. మా యింటివారికి తెలిసినది 1993లో. తుది మాసములలో ఆమె గంజి త్రాగినను ముక్కుగుండ వచ్చెడిది. అప్పుడు మాకు పండ్రెండేండ్లు. గ్లాసు పట్టుకొని ప్రక్కన నిలుచుట మా పని. ఆ స్థితిలో కూడ ఆమె ఒకనాడు, ఎవరును లేనపుడు, ఒక్క చుట్ట తెచ్చిపెట్టుమని మమ్మడిగెను. తెచ్చితిమి. ఈ సంగతి ఇంతవఱకు ఎవరికిని చెప్పలేదు.

మెత్తదనమన నేమి? పైపువారి భాషలో, తల త్రిప్పనిది, నాలుకను కఱవనిది. అంతవఱకే ఆ మాటకు అర్థము. పైపు పొగను చాలమంది గుండెలలోనికి లాగరు, నోటనే నిలుపుదురు. కనుక అది మొదట పట్టునది పెదవిని, నాలుకను, గొంతును. ఆకు సుతిమెత్తనిదైనను మండినప్పుడు పుట్టు విషములు మెత్తనివి కావు. సిగరెట్టు పెట్టెలపై తేలిక, మెత్తన యను మాటలు వ్రాయరాదని యూరోపు దేశములు 2003లో నిషేధించినవి. మా నాలుక నాలుగు దినములలో ఇచ్చిన తీర్పు తప్పు కాదు, కాని నాలుక తన్నుగూర్చిన సాక్ష్యము తాను చెప్పజాలదు. నాయనమ్మ నాలుకయు చెప్పలేదు.

ఇంతలో మేనల్లుడు గ్లాస్గో వీధుల ఛాయాచిత్రములు పంపెను. బుకానన్ వీధి, గ్లాస్‌ఫర్డ్ వీధి, వర్జీనియా వీధి. మొదటి రెండును పదునెనిమిదవ శతాబ్దపు పొగాకు వర్తకుల పేరులు. 1707లో స్కాట్లండు ఇంగ్లండుతో ఏకమైన పిదప అమెరికా వలసల వ్యాపారము ఆ యూరివారికి చిక్కెను. ఆకు తెచ్చి ఫ్రాన్సు మున్నగు దేశములకు అమ్మి మేడలు కట్టిరి. కన్నింగ్‌హామ్ అను వర్తకుడు 1778లో కట్టించుకొన్న మేడ నేడు నవీన చిత్రకళాశాల. ఆ ఆకు కోసిన చేతులు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలవి. 2022లో ఆ నగరపాలక సంఘము ఇందుకై బహిరంగముగా క్షమాపణ చెప్పుకొన్నది. పొగాకును దూషించుచు 1604లో గ్రంథము వ్రాసిన రాజు జేమ్సు కూడ స్కాట్లండువాడే. దూషించి, దానిపై పన్ను మిక్కిలి పెంచెను. మన లంకాకు కూడ అక్కడికి పోయినది. ఎడింబరోలో పుట్టిన కానన్ డాయిలు 1890నాటి షెర్లాకు హోమ్సు నవలలో పొగాకు బూడిదల భేదములు చెప్పుచు లంకా చుట్టను పేర్కొనెను. గోదావరి లంకల బూడిదను లండనులో గుర్తుపట్టు డిటెక్టివు సంగతి చదివి, చిన్ననాడు మేమెంత గర్వించితిమో! ఇప్పుడు ఆ పుట తెఱచినచో గంజిగ్లాసు జ్ఞాపకము వచ్చుచున్నది.

మేనల్లునికి జాబు వ్రాసితిమి. గుణము గుణముగనే, దోషము దోషముగనే వ్రాసితిమి. రుచి విషయమున అబద్ధమాడుట మాకు చేతకాదు. చివర, నాయనమ్మకు చుట్ట తెచ్చియిచ్చిన సంగతి వ్రాసి, ఆ పంక్తి కొట్టివేసి, మఱల వ్రాసితిమి. వాడు రెండు వారములకు బదులు వ్రాసెను. అక్కడ 2006 నుండి మూసిన బహిరంగస్థలములలో పొగ నిషేధమనియు, తాను వానలో గొడుగు పట్టుకొని పనివేళల నడుమ బయట నిలిచి కాల్చుచున్నాననియు, అంతకుమించి యేమియు లేదు. డబ్బీలో ఇంకను సగమున్నది. బీరువాలో అమరకోశము వెనుక పెట్టితిమి. పాఱవేయలేదు.

జూనులో బడి తెఱచిరి. విద్యాలయములకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003నాటి చట్టము. మా బడి గోడ మలుపున ఒక బడ్డీకొట్టున్నది. ప్రసంగములో ఈ చట్టము చెప్పగానే తొమ్మిదవ తరగతి పిల్లలు కొలుతమని పట్టుబట్టిరి. పది గజముల తాడు తెచ్చి, గేటునుండి మొదలిడితిమి. తాడు రెండవ కొన పట్టుకొన్నవాడు బ్యారను రాత్రులలో మేలుకొను ఆ పిల్లవాడే. ఏడవ కొలతకు మేమిద్దరము ప్రక్కప్రక్కకు వచ్చితిమి. ముందురాత్రి మేము బీరువా తెఱచినమాట వాడెఱుగడు. ముఖము మా యుత్తరీయము దగ్గఱకు తెచ్చి, "మాస్టారూ, గుడికెళ్లొచ్చారా? సాంబ్రాణి వాసనొస్తోంది" అనెను.

మేము తాడు బిగించి, "ఎనిమిది" అంటిమి. వాడు ముందుకు నడచెను. బడ్డీకొట్టు తొమ్మిదవ కొలతలో వచ్చెను.